చెర్వుగట్టు అమావాస్య తర్వాత కొన్న జంప్ స్టార్టర్: మూడున్నరేళ్ల వాడకం

మాది చిన్న పెట్రోల్ కారు. మాన్యువల్ గేర్లు, 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఎంత చార్జింగ్ పడుతుందో చెప్పే కొలత) బ్యాటరీ. ఇన్సూరెన్స్ రెన్యువల్ చేసేటప్పుడు రోడ్‌సైడ్ అసిస్టెన్స్ దగ్గర టిక్ తీసేశాను. నల్లగొండలో ఉంటూ అదెందుకు, ఫోన్ కొడితే క్లాక్ టవర్ వైపు నుంచి ఎవరో ఒక మెకానిక్ వస్తాడు కదా అనుకున్నాను.

ఆ ధీమా గుట్ట మీద రామలింగేశ్వరస్వామి గుడి ఉన్న చెర్వుగట్టులో దిగిపోయింది. అమావాస్య రాత్రి గుట్ట కింద జనం ఎట్లా ఉంటారో వెళ్లినవాళ్లకు తెలుసు. చెలకలో బండి పెట్టి, లైట్లు ఆర్పడం మరిచి పైకి వెళ్లాం. పదిన్నరకు దిగి తాళం తిప్పితే టక్ టక్ టక్. మీటరు లైట్లు మిణుగురుల్లా వెలిగి ఆరిపోయాయి. డిక్కీలో 350 రూపాయల జంపర్ కేబుల్స్ ఉన్నాయి, ఇంకో కారు బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునే వైర్లు. చుట్టూ వందల కార్లు. అయినా ఒక్కటీ నా బండి ముక్కు దాకా రాలేదు, అంత ఇరుకుగా పెట్టేశారు. పక్క కారాయన పాపం బానెట్ ఎత్తాడు గానీ కేబుల్ మూరెడు తక్కువైంది. రెండో గేరులో వేసి నెట్టిద్దామంటే దున్నిన చెలక, నలుగురు కుర్రాళ్లు తోసినా చక్రం ఊపందుకోలేదు. పన్నెండు దాటాక జాగా ఖాళీ అయితే ఆయనే బండి దగ్గరికి తెచ్చాడు. కేబుల్ చేతిలో కాలిపోతోంది, ఇంజిన్ మాత్రం తిరగదు. "అన్నా, ఆగు, జర చార్జింగ్ ఎక్కనీ" అని పది నిమిషాలు తన ఇంజిన్ ఆన్‌లోనే ఉంచాడు. అప్పుడు లేచింది. తర్వాత ఆ కేబుల్ కోసి చూస్తే లోపల వెంట్రుకల్లాంటి తీగలు నాలుగే, మిగతాదంతా ప్లాస్టిక్.

మరుసటి వారమే 4,500 పెట్టి లిథియం జంప్ స్టార్టర్ కొన్నాను. సెల్ఫ్ తిరగడానికి కరెంటిచ్చే చిన్న బ్యాటరీ డబ్బా అది, టిఫిన్ బాక్సంత ఉంటుంది, ఇంకో కారుతో పని లేదు. ఎర్ర క్లిప్ ప్లస్‌కు, నల్ల క్లిప్ ఇంజిన్ మీద రంగు లేని ఇనుప బోల్టుకు పెడతాను. మైనస్ టెర్మినల్‌కే నేరుగా పెట్టేవాళ్లూ ఉన్నారు. డౌన్ అయిన బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ గ్యాస్ ఉండొచ్చు, నిప్పురవ్వ పడకుండా కాస్త దూరంగా పెట్టడమే నయం. పచ్చ లైటు వచ్చాక సెల్ఫ్ కొట్టాలి, ఐదు సెకన్లకు మించి పట్టి ఉంచకూడదు. లేవకపోతే రెండు నిమిషాలు ఆగి మళ్లీ. బ్యాటరీ మరీ చచ్చిపోయి ఉంటే డబ్బా దాన్ని గుర్తుపట్టదు, లైటే రాదు. దానికి బూస్ట్ అని వేరే బటన్ ఉంది. అది నొక్కితే ఉల్టా క్లిప్పులను ఆపే రక్షణ కూడా పోతుంది, కాబట్టి ప్లస్ మైనస్ రెండుసార్లు చూసుకోవాలి.

డ్యాష్‌బోర్డులో పెట్టిన నోట్‌బుక్ ప్రకారం ఇప్పటికి 19 సార్లు వాడాను. అందులో 11 సార్లు ఇతరుల బండ్లకే. పెట్రోల్ కార్లు అన్నీ మొదటి, రెండో దెబ్బకే లేచాయి. మా చిన్నాన్న పాత డీజిల్ జీపు దగ్గర మాత్రం చేతులెత్తేసింది. డబ్బా మీద పీక్ ఆంపియర్లు అని పెద్ద అక్షరాల్లో వేసే అంకె చూసి మోసపోవద్దు, అది క్షణం పాటు ఇచ్చేది.

దీంతో అసలు తంటా మన ఎండ. వెనక వైపు చిన్న అక్షరాల్లో 60 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంది. నల్లగొండలో మే నెల మధ్యాహ్నం నీడ లేని చోట అద్దాలు ఎక్కించి పెట్టిన బండిలో అది దాటడం ఎంతసేపు? మొదటి డబ్బా రెండో ఎండాకాలానికే పూరీలా ఉబ్బింది. తప్పు నాదే, డిక్కీలో వదిలేశాను. ఇప్పుడు రెండోదాన్ని ఇంట్లో బీరువాలో పెడుతున్నాను. అట్లా పెట్టినందుకు ఒకసారి హాలియా దగ్గర బండి ఆగితే అది ఇంట్లోనే ఉండిపోయింది. ఆరోజు తారు రోడ్డు, కాస్త ఏటవాలు, తోయగానే లేచింది. ఆటోమేటిక్ గేర్లవాళ్లకు ఆ దారి లేదు, వాళ్లు డబ్బాను అన్నం గిన్నెలా వెంట మోసుకెళ్లాల్సిందే. మూడు నెలలకోసారి చార్జింగ్ పెట్టడం కూడా గుర్తుండాలి.

ఇంకో సంగతి చెప్పుకోవాలంటే సిగ్గే. ఈ డబ్బా ఉందన్న ధైర్యంతో ఆరు నెలలు అసలు రోగం పట్టించుకోలేదు. దసరాకో సంక్రాంతికో బండి ఇంటి దగ్గర పెట్టి బస్సులో ఊరికి పోయి, ఐదు రోజుల తర్వాత వస్తే బ్యాటరీ డౌన్. డబ్బా తగిలించడం, తిరగడం. చివరికి ఒక ఆటో ఎలక్ట్రీషియన్ "డైనమో చూద్దాం సార్" అని ఇంజిన్ నడుస్తుండగానే టెర్మినల్ ఊడదీయబోతే ఆపాను. ఇప్పటి బండ్లలో అట్లా చేస్తే వోల్టేజ్ ఎగిరి కంప్యూటర్ బాక్స్ పోవచ్చు. 300 పెట్టి మల్టీమీటర్ తెచ్చుకుని నేనే కూర్చున్నాను. ఇంజిన్ నడుస్తుంటే 14.2 వోల్టులు, అంటే బ్యాటరీకి చార్జింగ్ ఎక్కించే డైనమో బాగానే ఉంది. బండి ఆపి, మైనస్ వైరు తీసి, మధ్యలో మీటరు పెడితే 0.28 ఆంపియర్లు లాగుతోంది. రోజుకు దాదాపు 6.7 ఏహెచ్. ఐదు రోజులకు దాదాపు 34, అంటే 35లో ఇంచుమించు అంతా ఖాళీ, లెక్క సరిపోయింది. ఒక్కో ఫ్యూజు పీకుతూ పోతే దొంగ దొరికింది: డ్యాష్ కెమెరా. బిగించినవాళ్లు తాళం తీసినా కరెంటు ఉండే ఫ్యూజుకు కలిపారు. అది మార్పించాక 0.03కి దిగింది.

అయితే అన్నిసార్లు అడుగంటిన బ్యాటరీ కోలుకోలేదు. రాత్రంతా ఇంట్లో చార్జర్ పెట్టినా పొద్దున్నే 12.1 వోల్టులే చూపించేది, కొత్తదైతే 12.6 ఉండాలి. పాతది ఇచ్చి కొత్తది వేయించాను. బడి, బజారు, ఇల్లు అని రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండిలో సెల్ఫ్‌కు పోయిన చార్జింగ్ సరిగా తిరిగి ఎక్కదు. అందుకే ఆదివారం నార్కట్‌పల్లి దాకా ఒక రౌండ్ వేస్తున్నాం. మా ఆవిడ దీన్ని బ్యాటరీకి గాలి మార్పు అంటుంది.

కొనమంటారా అని అడిగితే, ముందు మీటరు కొనండి అంటాను. కుదిరితే తర్వాత డబ్బా. నేషనల్ హైవే మీద ఆగితే 1033 హెల్ప్‌లైన్ ఉంది గానీ, మనం ఎక్కువగా తిరిగే ఊరి రోడ్లకు అది రాదు. కేబుల్స్ కూడా మంచి రాగివి, మూడు మీటర్లవి తెచ్చాను. వాటి పనితనం గురించి ఇప్పుడే చెప్పలేను, మా బావమరిది ట్రాక్టర్ కోసమని పట్టుకుపోయి రెండు నెలలైంది.