మూడేళ్లు వాడిన ఎలక్ట్రిక్ సరుకు బండి: లోడింగ్ షట్టర్ దగ్గర పొగ పోయింది

మా ప్రింటింగ్ ప్రెస్‌లో డీజిల్ బండిని మాన్పించి ఎలక్ట్రిక్ మూడు చక్రాల సరుకు బండిని తెచ్చుకుని మూడేళ్లు దాటింది. దాని వేగం, మోసే బరువు వంటి వివరాలు ఎక్కడైనా దొరికేవే కనుక వాటి జోలికి వెళ్లను. నాకు ఈ బండి మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం ఒక్కటే: నిలబడి ఉన్నంతసేపూ అది పొగ వదలదు.

ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ సరుకు బండికి రోజులో సగం పొద్దు లోడు ఎక్కించుకోవడంలోనూ దించడంలోనూ గడిచిపోతుంది. పాత బండిని లోడింగ్ షట్టర్‌కు వెనుక భాగం ఆనించి నిలిపేవాళ్లం. ఒకసారి ఆపితే మళ్లీ స్టార్ట్ కావడానికి మొరాయిస్తుందన్న భయంతో డ్రైవరు ఇంజను ఆపేవాడు కాదు. పుస్తకాల కట్టలు ఎక్కించే ఇరవై నిమిషాలూ సైలెన్సర్ పొగ నేరుగా మా బైండింగ్ గదిలోకి వచ్చేది. కాగితం రీముల మీద కప్పిన ప్లాస్టిక్ షీటును సాయంత్రం గుడ్డతో తుడిస్తే దుమ్ము రాలేది కాదు. జిడ్డుగా సాగి నల్లటి చారలుగా మిగిలేది. ఆ గదిలోనే రోజంతా కూర్చుని నలుగురు కుట్టుపని చేసేవారు. డీజిల్ ఇంజను పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. ఆ సంగతి నాకు తెలిసీ ఏళ్ల తరబడి ఆ షట్టర్ దగ్గర ఏ మార్పూ చేయలేదు. కొత్త బండి వచ్చాక కూడా షీటు మీద దుమ్ము పడుతూనే ఉంది. అయితే అది గోధుమరంగు రోడ్డు దుమ్ము, పొడి గుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోతుంది. బైండింగ్ గదిలో మధ్యాహ్నానికల్లా మొదలయ్యే తలనొప్పి గురించి ఇప్పుడు ఎవరూ అనడం లేదు.

ఇక రెండో ఏడు మమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టిన సంఘటన చెప్పాలి. బ్యాటరీని ఎప్పుడూ ఎనభై శాతానికి మించి ఛార్జ్ చేయకపోతే ఎక్కువ కాలం మన్నుతుందని ఎవరో చెబితే విని, నెలల తరబడి అలాగే చేశాం. ఒక రోజు పూర్తి లోడుతో వెళ్లిన డ్రైవరు దారి మధ్యలో ఫోన్ చేసి, "సార్, మీటరు ముప్పై శాతం చూపిస్తోంది, బండి మాత్రం కదలడం లేదు" అన్నాడు. తీరా చూస్తే బ్యాటరీ దాదాపు ఖాళీ. మాది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ. ఈ రకంలో ఒక్కో సెల్ వోల్టేజి ఛార్జింగు మధ్య భాగంలో చాలాసేపు 3.2, 3.3 వోల్టుల దగ్గరే దాదాపు కదలకుండా ఉంటుంది. అందువల్ల వోల్టేజిని చూసి ఎంత మిగిలిందో పోల్చుకోవడం బండిలోని నియంత్రణ వ్యవస్థకు కష్టం. అది లోపలికి వచ్చిన కరెంటును, బయటికి పోయిన కరెంటును లెక్కపెట్టుకుంటూ పోతుంది. ఆ లెక్కలో రోజూ చేరే కొద్దిపాటి తప్పు పూర్తిగా ఛార్జ్ చేసినప్పుడే సరిదిద్దుకుంటుంది. సెల్‌ల మధ్య హెచ్చుతగ్గులు సమం కావడం కూడా మా బండిలో ఆ చివరి దశలోనే జరుగుతుంది. మెకానిక్ ఇదంతా ఓపికగా వివరించాడు కానీ, బండి అమ్మినవారు ఇచ్చిన పుస్తకంలో దీని గురించి ఒక్క ముక్క కూడా లేదు. ఇప్పుడు వారానికి ఒక రాత్రి నూరు శాతం నిండేదాకా ఛార్జ్ చేస్తున్నాం. మీటరు మళ్లీ తప్పు చూపించలేదు.

మొదటి ఏడాది నేను అందరితోనూ "మా వ్యాపారం నుంచి పొగే లేదు" అని చెప్పేవాణ్ని. ఆ మాటను ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాలి. బండి మరమ్మతులో ఉన్న పదకొండు రోజులూ అద్దె డీజిల్ బండినే పిలిచాం. టైర్ల అరుగుదల నుంచి వచ్చే సన్నని ధూళి ఎలక్ట్రిక్ బండికీ తప్పదు. బ్యాటరీ బరువు వల్ల అది పెరిగినా ఆశ్చర్యం లేదు. మోటారే వేగాన్ని తగ్గించి కరెంటును తిరిగి బ్యాటరీకి పంపుతుంది కాబట్టి బ్రేక్ ప్యాడ్‌లు మాత్రం తక్కువ అరుగుతున్నాయి. కరెంటు బొగ్గుతో తయారైతే అక్కడి పొగ అక్కడ ఉంటుందన్నదీ నిజమే, అయినా అది మా కార్మికుల ముక్కు ముందుకు రాదు. గాలిలోని అతి సన్నని ధూళికి సంబంధించి ప్రపంచ ఆరోగ్య సంస్థ వార్షిక సగటు పరిమితిని 2021లో ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాముల నుంచి 5కు తగ్గించిందంటే, మనిషి పీల్చే చోట కొంచెం తగ్గినా విలువైనదే అని నా నమ్మకం.

మా కాలుష్యం తగ్గడంలో బండికి ఎంత వాటా ఉందో, మా అలవాటు మారడానికి కూడా ఇంచుమించు అంతే ఉంది. డీజిల్ బండి ఉన్నప్పుడు ఒక్క కట్ట పుస్తకాల కోసం కూడా ఖాతాదారు అడగగానే పంపేవాళ్లం. ఛార్జింగు ఎక్కడ అయిపోతుందోనన్న జాగ్రత్తతో ఒకే వైపు వెళ్లే సరుకులను కలిపి పంపడం మొదలుపెట్టాక ఐదు ట్రిప్పులు మూడయ్యాయి. ఈ పని పాత బండితో కూడా చేయగలిగేవాళ్లమే, మాకు అప్పట్లో తోచలేదు.

మాకు సొంత ఆవరణ ఉంది, రాత్రంతా ప్లగ్ పెట్టి ఉంచే చోటు ఉంది, ట్రిప్పులన్నీ నగరం లోపలివే. బండిని రాత్రి రోడ్డు పక్కన నిలపాల్సిన వారికి, రోజూ దూరప్రయాణాలు ఉన్నవారికి ఇదే బండి కొనమని నేను ధైర్యంగా చెప్పలేను. మాకు రెండో బండి అవసరమైనప్పుడు కూడా, వారంటీ ముగిసే నాటికి ఈ బ్యాటరీలో ఎంత సత్తువ మిగిలిందో చూసి నిర్ణయించుకుంటాను.