క్యాండిడాకు కొత్త మందు: జీన్‌లో ఒక కాపీ తీసేయడమా, స్విచ్ పెట్టి ఆపేయడమా?

మనుషులకు ఇన్ఫెక్షన్ తెచ్చే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) క్యాండిడా ఆల్బికాన్స్‌లో దాదాపు ప్రతి జీన్‌కూ రెండు కాపీలుంటాయి. మందు దెబ్బకొట్టాల్సిన ప్రొటీన్‌ని వెతికే రెండు పద్ధతులూ దీని మీదే ఆధారపడతాయి.

మొదటి పద్ధతిలో ఒక కాపీ తీసేసి, అక్కడ ఆ స్ట్రెయిన్‌ని (ఈస్ట్ రకాన్ని) గుర్తుపట్టేలా 20 అక్షరాల డీఎన్ఏ బార్‌కోడ్ పెడతారు. ఒక కాపీయే ఉంటే ఆ ప్రొటీన్ తక్కువగా తయారవుతుంది, దాన్నే మందు కొడితే ఆ స్ట్రెయిన్ మిగతావాటికంటే ఎక్కువ కుంగుతుంది. ఇలాంటి స్ట్రెయిన్లన్నీ ఒకే ఫ్లాస్కులో కలిపి, మామూలు ఈస్ట్ ఎదుగుదల 10-20 శాతమే తగ్గేంత మందు వేస్తారు. కొన్ని తరాలు గడిచాక బార్‌కోడ్లు లెక్కిస్తే ఏ స్ట్రెయిన్ వెనకబడిందో తేలుతుంది. ఫంగస్ మందు ఫ్లూకోనజోల్ వేస్తే, అది దెబ్బకొట్టే ప్రొటీన్ తాలూకు జీన్ ఈఆర్‌జీ11 పట్టుబడుతుంది. మోతాదు మించితే అన్నీ కుంగిపోతాయి, ఇక తేడా ఏం కనిపిస్తుంది? మరో ఫంగస్ మందు ఆంఫోటెరిసిన్-బి దగ్గరా ఈ పద్ధతి తడబడుతుంది. ఆ మందు పట్టుకునేది ప్రొటీన్‌ని కాదు, ఫంగస్ కణం పొరలో ఉండే కొవ్వు లాంటి పదార్థం ఎర్గోస్టెరాల్‌ని.

గ్రేస్ అనే రెండో పద్ధతిలో ఒక కాపీ తీసేసి, మిగిలిన రెండో కాపీకి టెట్రాసైక్లిన్ (ఒక యాంటీబయోటిక్) తరహా మందుతో పనిచేసే స్విచ్ బిగిస్తారు. అదే కుటుంబానికి చెందిన డాక్సీసైక్లిన్ వేస్తే జీన్ ఆగుతుంది. చేతిలో మందు లేకపోయినా ఆ జీన్ లేకుండా ఈస్ట్ బతకగలదో లేదో తెలుస్తుంది. అయితే జీన్ ఆగినా పాత ప్రొటీన్ కొంతకాలం నిలుస్తుంది. అందుకే రాత్రంతా డాక్సీసైక్లిన్‌లో పెంచి, మళ్లీ డాక్సీసైక్లిన్ ఉన్న తాజా మీడియంలో పలచన చేశాకే రీడింగ్ తీయాలి. డాక్సీసైక్లిన్ ఎక్కువైతే ఈస్ట్‌కి కావాల్సిన ఇనుమును లాగేసుకుంటుంది. అదే మోతాదులో మామూలు స్ట్రెయిన్‌ని కూడా పెంచి పోల్చకపోతే ఫలితాన్ని నమ్మలేం.

పనిచేసే రసాయనం దొరికితే మొదటిది, లేకపోతే రెండోదే. పైగా రెండో పద్ధతిలో ఎలుకలకు తాగేనీళ్లలో డాక్సీసైక్లిన్ ఇచ్చి, ఇన్ఫెక్షన్ మధ్యలోనే జీన్ ఆపి చూడొచ్చు. ల్యాబ్ ప్లేటు మీద తప్పనిసరి అనిపించిన జీన్ ఒంట్లో అలా కాకపోవచ్చు కదా.