కలిసి కిరాయికి ఉండేవాళ్లకు సామాన్ల ఇన్సూరెన్స్: అందరికీ ఒకటా, ఎవరిది వాళ్లదా?

నల్గొండలో ఎంజీ యూనివర్సిటీ వైపైనా, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ వైపైనా ముగ్గురు నలుగురు కలిసి ఒక పోర్షన్ కిరాయికి తీసుకోవడం మామూలే. తలా ఒక ల్యాప్‌టాప్, ఒక ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఇన్వర్టర్ లెక్కేస్తే రెండు లక్షలు ఇట్టే దాటుతుంది. ఓనర్ ఇంటికి ఇన్సూరెన్స్ చేయించినా అది ఆయన ఇంటికే. మన సామాన్లకు దాంట్లోంచి రూపాయి రాదు.

ఒకరి పేరున ఒకే పాలసీ తీసుకొని ప్రీమియం పంచుకుందాం అనే ఆలోచనే అందరికీ ముందు వస్తుంది. నాకు మాత్రం అది నచ్చదు. వస్తువు పోతే ఎవరికి నష్టమో వాళ్లే దానికి బీమా చేయించాలి, ఇదే ఇన్సూరెన్స్‌లో మూల సూత్రం. రూమ్మేట్ ఎంత దగ్గరివాడైనా కుటుంబ సభ్యుడు కాదు. నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పంపే సర్వేయర్ వచ్చి బిల్లు అడిగినప్పుడు పాలసీ రమేశ్ పేరున, ల్యాప్‌టాప్ బిల్లు సురేశ్ పేరున ఉంటే క్లెయిమ్ అక్కడే చిక్కుపడుతుంది. ఒకవేళ డబ్బు వచ్చినా రమేశ్ ఖాతాలోనే పడుతుంది, పంపకాల దగ్గర స్నేహం చెడుతుంది. రమేశ్‌కు వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే మిగిలినవాళ్ల చేతిలో ఏమీ ఉండదు.

ఎవరిది వాళ్లు తీసుకోవడమే మేలు. 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ గృహ రక్ష అనే ప్రామాణిక పాలసీ ఉంది. కిరాయికి ఉండేవాళ్లు ఇంటి జోలికి పోకుండా సామాన్లకు మాత్రమే తీసుకోవచ్చు. అగ్నిప్రమాదం, పిడుగు, వరద, గాలివాన, భూకంపం, నీళ్ల ట్యాంకు పగలడం లాంటివి దాంట్లోకి వస్తాయి.

దొంగతనం సంగతి మాత్రం జాగ్రత్తగా చూడాలి. అగ్నిప్రమాదమో వరదో జరిగి, దాని మూలంగా 7 రోజుల్లోపు సామాన్లు ఎవరైనా ఎత్తుకుపోతే ఈ పాలసీ ఇస్తుంది. బతుకమ్మ, దసరాకు అందరూ ఊళ్లకు పోయినప్పుడు తాళం పగలగొట్టి దోచుకుపోతే ఇవ్వదు. మన దగ్గర అసలు భయం అదే కాబట్టి బర్గ్లరీ కవర్, అంటే ఇలా ఇల్లు పగలగొట్టి చేసే దొంగతనానికి ఇచ్చే బీమా, విడిగా అడిగి తీసుకోండి. దానికి సాధారణంగా తాళమో తలుపో పగిలిన ఆనవాళ్లు ఉండాలి, ఎఫ్‌ఐఆర్ ఉండాలి. ఇంట్లో ఉండేవాళ్లకే దొంగతనంలో చెయ్యి ఉంటే మామూలుగా పరిహారం రాదు. నలుగురి దగ్గర నాలుగు తాళంచెవులు తిరిగే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. ఎవరో తలుపు తీసిపెట్టి టిఫిన్‌కు పోయినా మీ క్లెయిమ్‌కే దెబ్బ. అందుకే గదికి వేరే తాళం వేసుకోవడం మంచిది.

ఇంకో మెలిక కరెంటుది. షార్ట్ సర్క్యూట్‌తో ఫ్రిజ్ ఒక్కటే కాలిపోతే ఈ పాలసీలో ఆ ఫ్రిజ్‌కు డబ్బు రాదు. ఆ మంటలు పాకి మంచం, బట్టలు కాలితే వాటికి వస్తుంది. నగదు, బైకు దీంట్లోకి రావు. బంగారానికి వేరే కవర్ తీసుకోవాలి.

అందరూ కలిసి కొన్న ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ లాంటివి ఒక్కొక్కటి ఒక్కరి పేరున బిల్లు చేయించి, ఆ మనిషి పాలసీలోనే పెట్టండి. మిగతావాళ్లు వాడుకున్నందుకు నెలకు ఇంతని ఇచ్చుకుంటే సరిపోతుంది. ల్యాప్‌టాప్ అడుగున ఉండే సీరియల్ నంబర్‌ను, బిల్లును ఫోటో తీసి మెయిల్‌లో దాచుకోండి.

పాలసీ లేకుండా నెలనెలా తలా కొంత పక్కన వేసుకునే పద్ధతీ ఉంది. పరుపు, స్టవ్వు, నాలుగు గిన్నెలతో ఉండే విద్యార్థులకు అదే చాలు. ల్యాప్‌టాప్ మీద బతికేవాళ్లకు మాత్రం చాలదు. పోగయ్యే లోపే పోతే ఏం చేస్తారు?

పాలసీ కోసం ఇచ్చే దరఖాస్తు, అంటే ప్రపోజల్ ఫారం నింపేటప్పుడు ఇంట్లో బయటివాళ్లతో కలిసి ఉంటున్నానని స్పష్టంగా రాయించండి. ఏజెంటు అవసరం లేదన్నా వినకండి. దాచారన్న మాట క్లెయిమ్ రోజు కంపెనీ నోట రాకూడదు. ఇల్లు మారితే కొత్త అడ్రస్ వెంటనే చెప్పండి, పాలసీ ఆ అడ్రస్‌లో ఉన్న సామాన్లకే వర్తిస్తుంది.