కాంట్రా లోగోలు: పాత క్యాసెట్లూ, కొత్త కలెక్షనూ ఏళ్ల తరబడి వాడాక

మా ఊరు తెలుగులో బరంపురం, ఒడియాలో బ్రహ్మపుర, ఇంగ్లీషు కాగితాల్లో బెర్హంపూర్. మూడూ ఒకే ఊరి పేర్లని ఇక్కడ చంటిపిల్లాడికి కూడా తెలుసు. కాంట్రా అనే పాత తుపాకుల వీడియో గేమ్‌కూ ఇలాగే దేశానికో పేరుంది. కాకపోతే ఊరికి ఏ పేరు పెట్టినా ఊరు అదే. కాంట్రాకి పేరు మారిందంటే చాలాసార్లు లోపలి ఆట కూడా మారిందన్నమాట. అందుకే లోగో చదవడం వస్తే చేతిలో ఉన్నది ఏ కూర్పో ఆడకముందే చెప్పేయొచ్చు.

ఇక్కడ పోల్చి చూస్తున్నవి రెండు. ఒకటి, టీవీ గేమ్‌లో పెట్టే 60 పిన్నుల క్యాసెట్. రెండు, ఈ ఆట తయారుచేసిన జపాన్ సంస్థ కొనామి 2019లో పాత కాంట్రా ఆటలు కలిపి విడుదల చేసిన కాంట్రా యానివర్సరీ కలెక్షన్.

ముందు పేరు సంగతి. 1987లో ఆర్కేడ్ యంత్రంగా (నాణెం వేసి ఆడే పెద్ద పెట్టెగా) వచ్చిన ఈ ఆటకి జపాన్‌లో పేరు రాసేది మూడు చైనా అక్షరాల్లో: కోన్, తో, రా. మొదటిదానికి ఆత్మ అని అర్థం. రెండోది పోరు అనే అర్థం వచ్చేలా వాడిన పొట్టి రూపం. మూడోదాన్ని అర్థం కోసం కాక శబ్దం కోసం తెచ్చుకున్నారు. ఈ మూడో అక్షరం మనకు బొత్తిగా పరాయిది కాదు. బౌద్ధ గ్రంథాలు చైనాకి వెళ్లినప్పుడు మన రాక్షస, అసుర లాంటి మాటల్ని రాయడానికి వాడుకున్న అక్షరమే అది. ఈ లెక్కన జపాన్ లోగో పేరు మాత్రమే కాదు, ఆట కథలో సగం అందులోనే ఉంది. ఆ మూడక్షరాలు తీసేసి ఇంగ్లీషులో కాంట్రా అని రాయగానే ఆ సగం పోయి శబ్దం ఒక్కటే మిగిలింది. నా దృష్టిలో అన్ని లోగోల్లోకీ జపాన్‌దే గొప్పది.

యూరప్‌లో ఆర్కేడ్ యంత్రం మీద పేరు గ్రైజర్. ఓషన్ సంస్థ స్పెక్ట్రమ్, కమోడోర్ 64 లాంటి ఇంటి కంప్యూటర్లకు తెచ్చిన కూర్పులకీ ఆ పేరే ఉంచారు. ఆ పెట్టె మీది బొమ్మ బాబ్ వేక్లిన్ వేసింది: తుపాకులు పట్టిన ఇద్దరు సైనికులు, వెనక గ్రహాంతర జీవి. అమెరికాలో 1988లో నింటెండో అనే 8 బిట్ టీవీ గేమ్‌కి కాంట్రా వచ్చినప్పుడు కొనామి అదే బొమ్మని మళ్లీ వాడుకుంది. బొమ్మ అదే, పైన పేరు వేరు. పెట్టెల ఫొటోలు చూసి కొనేవాళ్లు మోసపోయేది ఇక్కడే. బొమ్మ చూసి అమెరికా కూర్పు అనుకుంటారు, పేరు చదవరు.

యూరప్‌లో నింటెండోకి వచ్చేసరికి పేరు మళ్లీ మారి ప్రొబొటెక్టర్ అయింది. ఈసారి పేరుతో సరిపెట్టలేదు. ఆట హీరోలైన బిల్, లాన్స్ అనే మనుషుల స్థానంలో ఆర్‌డి-008, ఆర్‌సి-011 అనే రోబోలు వచ్చాయి, శత్రు సైనికులూ రోబోలయ్యారు. కారణం జర్మనీ. హింస ఎక్కువున్న ఆట అక్కడి ఆంక్షల జాబితాకెక్కితే దానికి ప్రకటన వేయడం కూడా కుదరదు. కాబట్టి తెర మీద ప్రొబొటెక్టర్ అని కనిపిస్తే లోపల మనం ఆడించేది మనుషుల్ని కాదు, ఇక వెతకనక్కర్లేదు. 1992లో సూపర్ నింటెండోకి వచ్చిన ఆట అమెరికాలో కాంట్రా 3, జపాన్‌లో కాంట్రా స్పిరిట్స్, యూరప్‌లో సూపర్ ప్రొబొటెక్టర్. సెగా సంస్థ టీవీ గేమ్ మెగా డ్రైవ్‌కి 1994లో వచ్చిన కాంట్రా ఆట హార్డ్ కోర్‌లో తేడా ఇంకా లోతుకి పోయింది. జపాన్ కూర్పులో ఒక్క ప్రాణం పోవాలంటే మూడు దెబ్బలు తగలాలి, అమెరికా కూర్పులో ఒక్క దెబ్బకే సరి. పిల్లలతో ఆడేవాళ్లు జపాన్ కూర్పే ఎంచుకోవాలి.

ఇక క్యాసెట్లు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు పాత సామాన్లలో దొరికే వాటిలో ఎక్కువ నకళ్లే. పైన అంటించిన స్టిక్కర్ని నమ్మడానికి లేదు. సూపర్ కాంట్రా (కాంట్రా రెండో భాగం) అని ఉన్నదాంట్లో మామూలు కాంట్రా ఉంటుంది, దానికి తిరగేసీ ఉంటుంది. తేల్చుకోవడానికి ఈ మూడు చూడండి.

టైటిల్ తెర కుడివైపు నుంచి ఎడమకి జారుతూ వచ్చి ఆగితే కాంట్రా. ఆగాక పై, పై, కింద, కింద, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ, స్టార్ట్ నొక్కితే 30 ప్రాణాలు వస్తాయి. ఇద్దరు ఆడాలంటే స్టార్ట్‌కి ముందు సెలెక్ట్. ఇది పనిచేయక, కుడి, ఎడమ, కింద, పై, ఎ, బి, స్టార్ట్‌కి 10 ప్రాణాలొస్తే అది సూపర్ సి, అంటే సూపర్ కాంట్రా అమెరికా కూర్పు. నకలు రిమోట్లలో నాలుగు గుండ్రటి బటన్లుంటాయి, వాటిలో రెండు టర్బోవి. కోడ్ టర్బో బటన్‌తో నొక్కితే ఒక్క నొక్కు పది నొక్కులుగా పోయి వరస చెడిపోతుంది. కోడ్ పనిచేయట్లేదనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

మూడో పరీక్ష మొదటి అడవి స్టేజీలో. జపాన్ కూర్పులో చెట్ల ఆకులు ఊగుతాయి, మంచు స్టేజీలో మంచు గాలికి కొట్టుకుపోతుంది, స్టేజీకీ స్టేజీకీ మధ్య మ్యాప్ వస్తుంది. ఆకులు కదలకపోతే అమెరికా కూర్పు. జపాన్ కూర్పుకి కొనామి సొంత చిప్ కావాలి, అమెరికాది మామూలు బోర్డు మీదే నడుస్తుంది. నకళ్లు చేసేవాళ్లకి ఏది సులువో వేరే చెప్పాలా?

లోగో సరిగా పడకపోతే తెరకి దగ్గరగా వెళ్లి అక్షరాలు చూడండి. ప్రతి అక్షరం మీదా సమాన దూరంలో, దువ్వెన పళ్లలా నిలువు గీతలు కనిపిస్తే బొమ్మల వైపు డేటా పిన్నుల్లో ఒకటి తగలట్లేదని అర్థం. తెర మీది బొమ్మలన్నీ 8 చుక్కల వెడల్పు పలకలతో కట్టినవి, ఒక్కో పిన్నూ ఒక్కో నిలువు వరసని మోస్తుంది. అందుకే ఒక్క పిన్ను పోయినా గీత ప్రతి పలకలోనూ అదే చోట పడుతుంది. తెరంతా ఒకే రంగులో నిలిచి, పాట కూడా రాకపోతే మురికి ప్రోగ్రామ్ వైపు పిన్నుల మీద ఉందన్నమాట. గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి మా దగ్గర పిన్నులు త్వరగా నల్లబడతాయి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూది పుల్లతో పిన్ను పొడవునా తుడవండి, అడ్డంగా వద్దు. పది నిమిషాలు ఆరనివ్వండి. నోటితో ఊదకండి, ఆ తడి పిన్నుని ఇంకా తినేస్తుంది. గరుకు కాగితం అసలే వద్దు, పూత లేచిపోతే ఇక ఆ క్యాసెట్ మీద ఆశ వదులుకోవాలి.

కలెక్షన్ విషయానికొస్తే, మొదటి ఆర్కేడ్ నుంచి హార్డ్ కోర్ దాకా ఒక్కచోట దొరకడం పెద్ద మేలు. జపాన్ ఫామికామ్ (అక్కడి 8 బిట్ నింటెండో) కాంట్రా, సూపర్ ప్రొబొటెక్టర్, మెగా డ్రైవ్ ప్రొబొటెక్టర్ కూడా ఉన్నాయి. ఒకే ఆటని రెండు పేర్లతో వెంటవెంటనే తెరిచి చూడొచ్చు. లోటు ఏమిటంటే మొదట నింటెండోకి వచ్చిన 8 బిట్ ప్రొబొటెక్టర్ లేదు. రోబోల కథ మొదలైన ఆటే లేకుండా తర్వాతివి పెట్టడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

వేగం మాటా చెప్పాలి. మన టీవీ గేమ్‌లు సెకనుకి 50 ఫ్రేములవి, కలెక్షన్‌లో అమెరికా, జపాన్ కూర్పులు 60వి. అంటే క్యాసెట్‌లో ఆట దాదాపు ఆరో వంతు నెమ్మది. లోగో జారడం నుంచి టైటిల్ పాట దాకా అన్నీ నెమ్మదే. క్యాసెట్‌కి అలవాటుపడ్డ చేతికి కలెక్షన్‌లో మూడోదైన జలపాతం స్టేజీయే అందదు. వారం రోజులాడితే సర్దుకుంటుంది. తెర నిష్పత్తి 4:3లోనే ఉంచండి, తెర నిండా సాగదీస్తే లోగో అక్షరాలు అడ్డంగా లావెక్కిపోతాయి.

అసలు యూరప్ ప్రొబొటెక్టర్ క్యాసెట్ ఎవరైనా అమ్మజూపితే ముందు పిన్నులు లెక్కపెట్టండి. దానికి 72 ఉంటాయి, మన టీవీ గేమ్ గాడిలో పట్టదు. 72 నుంచి 60కి మార్చే అడాప్టర్ విడిగా కొనాలి. దాని ఖర్చు కూడా కలుపుకుని బేరమాడండి.