సీడర్ పాయింట్‌లో ఏ రైడ్ ముందు, ఏ బస మేలు

అమెరికాలో ఒహాయో రాష్ట్రం, శాండస్కీ ఊరు. అక్కడ ఈరీ సరస్సులోకి సన్నగా చొచ్చుకుపోయిన నేల మీద ఉంది సీడర్ పాయింట్ అనే రోలర్ కోస్టర్ల పార్కు. 1870 నుంచి జనం వస్తున్న చోటు ఇది. డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకి కారులో రెండు గంటల ప్రయాణం. వేసవి వచ్చిందంటే మా స్నేహితుల ఇళ్లలో ఈ పేరు వినిపిస్తూనే ఉంటుంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పేది మాత్రం ఎప్పుడూ అంకెలే: ఇది 310 అడుగులు, అది 420 అడుగులు, గంటకు 120 మైళ్లు. ఆ అంకెలు నిజమే. కానీ ఇక్కడి గొప్పతనం వేరే ఉంది. 1964లో కట్టిన చెక్క కోస్టర్ బ్లూ స్ట్రీక్ నుంచి 2025లో తెరిచిన సైరెన్స్ కర్స్ దాకా అరవై ఏళ్ల డిజైన్ అంతా ఒకే ఆవరణలో ఉంది. పాత రైడ్ ఎక్కి, వెంటనే కొత్తది ఎక్కితే ఇంజనీర్లు ఏం నేర్చుకున్నారో మన ఒంటికే తెలిసిపోతుంది. ఈ ట్రిప్‌ని నేను ఆ వరసలోనే ప్లాన్ చేశాను.

వెళ్లింది నేను, నా భార్య, ఆరో తరగతి చదివే మా అమ్మాయి, హైదరాబాద్‌లో మెకానికల్ బీటెక్ చేసి ఇక్కడ ఎంఎస్‌కి వచ్చిన మా మేనల్లుడు, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్న. రైడ్లు ఎక్కేవాళ్లు, ఎక్కనివాళ్లు కలిసి వెళ్లినప్పుడు బస ఎక్కడన్నది మొదటి ప్రశ్న.

పార్కు వాళ్లదే అయిన హోటల్ బ్రేకర్స్ 1905 నుంచి ఉంది. సరస్సు ఒడ్డున, ఇసుకలోకి నేరుగా దిగిపోవచ్చు, పార్కులోకి నడిచి వెళ్లిపోవచ్చు. అద్దె ఎక్కువే. కానీ అక్కడ దిగినవాళ్లని అందరికంటే ముందు లోపలికి వదులుతారు. అప్పుడు తెరిచేవి కొన్ని రైడ్లే అయినా, మధ్యాహ్నం గంటన్నర నిలబడాల్సిన క్యూ ఆ వేళకి చాలా చిన్నగా ఉంటుంది. అమ్మకి మోకాళ్ల నొప్పి. మధ్యలో గదికి వెళ్లి కాసేపు నడుం వాల్చి మళ్లీ రాగలగడం ఆ డబ్బుకి పూర్తిగా సరిపోయింది. అంతకుముందు ఓసారి ఊళ్లోకి వెళ్లే 250 నంబరు రోడ్డు మీద ఒక మోటల్‌లో దిగాం. అద్దె సగం కూడా లేదు. అయితే ఏసీ రాత్రంతా మోత, పొద్దున టిఫిన్ అంటే చల్లటి పాలలో సీరియల్. పైగా తెల్లారి పార్కింగ్ దారిలో కార్ల వరస. నలుగురు స్టూడెంట్లు కలిసి వెళ్తుంటే ఆ రోడ్డు మీదే చూసుకోండి, హాయిగా సరిపోతుంది. పెద్దవాళ్లు ఉంటే బ్రేకర్స్‌కే నా ఓటు. కలహారీ లాంటి వాటర్ పార్కు రిసార్టులు కూడా ఊళ్లో ఉన్నాయి. అక్కడ దిగితే ఒక రోజంతా దానికే ఇవ్వాలి. పొద్దున్నుంచి రాత్రి దాకా సీడర్ పాయింట్‌లో తిరిగేవాళ్లకి ఆ ఖర్చు దండగ.

రైడ్లలో మొదట మ్యాగ్నమ్ ఎక్కాం. 1989లో తెరిచినప్పుడు, బయల్దేరిన చోటికే తిరిగొచ్చే కోస్టర్లలో 200 అడుగులు దాటిన మొట్టమొదటిది ఇదే. 205 అడుగులు, గంటకు 72 మైళ్లు. ఆరో డైనమిక్స్ (Arrow Dynamics) అనే కంపెనీ కట్టింది. లిఫ్ట్ మీద, అంటే రైలును పైకి లాక్కెళ్లే వాలు మీద ఎక్కుతుంటే పక్కన సరస్సు, కింద ఇసుక, దూరంగా పడవలు. దిగడం బాగుంటుంది. అసలు సంగతి తిరుగుదారిలో ఉంది. అక్కడి చిన్న గుట్టల్ని పక్క నుంచి చూస్తే శిఖరాలు దాదాపు త్రికోణాల్లా కనిపిస్తాయి. వాలు తిన్నగా వచ్చి, పైన కొంచెం చోటులోనే వంగి, మళ్లీ తిన్నగా దిగిపోతుంది. అందుకే ప్రతి గుట్ట మీదా ల్యాప్ బార్ (ఒళ్లో అడ్డంగా పెట్టే కడ్డీ) తొడల మీద టక్కున తగిలి, మనిషి సీటులోంచి ఒక్క కుదుపుతో పైకి లేస్తాడు. మా మేనల్లుడికి అదే తెగ నచ్చింది. "మామయ్యా, ఇది స్కేలూ కంపాసూ పెట్టి గీసినట్టుంది" అన్నాడు. మా ఆవిడ మాత్రం నడుం పట్టుకుని దిగింది. వెన్నునొప్పి ఉన్నవాళ్లు దీన్ని వదిలేయడమే మంచిది.

ఇక్కడ ఎయిర్‌టైమ్ గురించి చెప్పాలి. రైలు గుట్ట దాటే వేగానికి మన శరీరం తిన్నగా పైకే పోవాలని చూస్తుంది. ట్రాక్ మాత్రం రైలును కిందికి లాగేస్తుంది. ఆ రెండింటి మధ్య మనం సీటు వదిలి తేలతాం. అలాంటప్పుడు రైలే ట్రాక్ వదిలి లేచిపోకుండా పట్టాల అడుగున ఇంకో వరస చక్రాలుంటాయి. జాన్ మిల్లర్ అనే ఇంజనీరు 1919లో వాటికి పేటెంట్ తీసుకున్నాడు. ఇవాళ్టి కోస్టర్లన్నీ ఆ అడుగు చక్రాల పుణ్యమే. ఆ వంపు ఎంత మెల్లగా మొదలై ఎంత మెల్లగా ముగుస్తుందన్న దాని మీదే సుఖం ఆధారపడి ఉంటుంది. రైలు తలకిందులుగా తిరిగొచ్చే లూప్‌ల విషయంలోనూ ఇంతే. గుండ్రటి లూప్‌లో రైలు లోపలికి వెళ్లిన క్షణంలోనే ఒత్తిడి అంతా ఒక్కసారిగా మెడ మీద పడుతుంది. జర్మన్ ఇంజనీర్ వెర్నర్ స్టెంగెల్, తయారీదారు ఆంటన్ ష్వార్జ్‌కాఫ్ కలిసి 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో రివల్యూషన్ అనే కోస్టర్ కట్టినప్పుడు లూప్‌ని నీటిబొట్టు ఆకారంలో గీశారు. కింద వెడల్పు, పైన ఇరుకు. అందుకే ఇవాళ లూప్ ఎక్కి దిగినా మెడ బాగానే ఉంటుంది. హైదరాబాద్ వండర్‌లాలో రీకాయిల్ ఎక్కినవాళ్లు ఈసారి వెళ్తే ఆ లూప్‌ని పక్కనుంచి గమనించండి.

మిలీనియం ఫోర్స్ 2000లో వచ్చింది. 310 అడుగులు, 93 మైళ్లు, అంటే గంటకు సుమారు 150 కిలోమీటర్లు. స్టెంగెల్ చెయ్యి దీంట్లోనూ ఉంది. లిఫ్ట్‌కి గొలుసు బదులు కేబుల్ వాడారు. పాత కోస్టర్లలో వినిపించే టకటక చప్పుడు లేదు. 80 డిగ్రీల వాలులో అంత ఎత్తు నుంచి దిగినా ఒక్క కుదుపు లేదు. మలుపుల్లో ట్రాక్ 90 డిగ్రీలు దాటి ఇంకా పక్కకి వాలుతుంది. అలా వాలడం వల్లే మనం పక్కవాళ్ల మీద పడకుండా సీటులోకే నొక్కుకుపోతాం. మా అమ్మాయికి పార్కు మొత్తంలో ఇదే నంబర్ వన్. నాకైతే వేగం అద్భుతంగా ఉంది కానీ, మొదటి దిగుడు తర్వాత తేలే చోట్లు ఇంకొన్ని ఉంటే బాగుండేది అనిపించింది.

ఇక స్టీల్ వెంజెన్స్. ఒక్క రైడ్ కోసమే సీడర్ పాయింట్ వెళ్లాలంటే దీనికోసం వెళ్లండి. ఇక్కడే 1991లో మీన్ స్ట్రీక్ అనే పెద్ద చెక్క కోస్టర్ కట్టారు. ఏళ్లు గడిచేకొద్దీ అదురు పెరిగి, 2016లో దాన్ని ఆపేశారు. ఐడహో రాష్ట్రానికి చెందిన రాకీ మౌంటెన్ కన్‌స్ట్రక్షన్ వాళ్లు ఆ చెక్క కట్టడాన్నే ఆధారం చేసుకుని, పైన స్టీలు ట్రాక్ వేసి 2018లో తెరిచారు. వాళ్ల ట్రాక్ గొట్టాలతో చేసింది కాదు. స్టీలు పలకల్ని కోసి వెల్డింగ్ చేసింది. కాబట్టి కంప్యూటర్‌లో ఏ మెలిక గీస్తే ఆ మెలిక తిప్పగలరు. 205 అడుగులు, 90 డిగ్రీల దిగుడు, 74 మైళ్లు, తలకిందులు నాలుగు సార్లు. సీటు వదిలి తేలే సమయం అంతా కలిపితే 27 సెకన్ల పైనే.

ఎత్తులో మ్యాగ్నమ్‌తో సమానం. వేగంలో తేడా రెండే మైళ్లు. అయినా ఒకటి ఎక్కిన రోజే రెండోది ఎక్కితే ఇవి రెండూ ఒకే జాతి బళ్లా అనిపిస్తుంది. వెనక వరసలో కూర్చున్నాం. ముందు వరస అంచు దాటాక కాసేపు వేలాడుతూ మిగతా పెట్టెల కోసం ఆగుతుంది. వెనక పెట్టె అంచుకి వచ్చేసరికి రైలు బరువంతా అవతల ఉండి, మనల్ని విసురుగా లాగేసుకుంటుంది. కడుపులో ఏమీ లేనట్టయింది. ఆ తర్వాత ఊపిరి తీసుకునే సందు లేదు. చెక్క దూలాల మధ్యలోకి దూరి, ఎడమకి వాలిన గుట్ట, వెంటనే కుడికి వాలిన గుట్ట, తలకిందులు, మళ్లీ తేలడం. చెయ్యి పైకెత్తితే దూలం తగిలేస్తుందేమో అనిపించేంత దగ్గరగా వెళ్తుంది. నిజానికి చేతులు చాచినా అందనంత ఖాళీ ముందే కొలిచి వదులుతారు. ఇంత జరిగినా మ్యాగ్నమ్‌లోలా తొడల మీద దెబ్బ లేదు. ప్రతి ఊపూ మెత్తగా మొదలై, పతాక స్థాయికి వెళ్లి, మెత్తగా వదిలింది. స్టేషన్‌లోకి వచ్చాక మా మేనల్లుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "దీని లెక్కలు ఎవరు చేశారో గానీ, వాళ్లకి దండం పెట్టాలి మామయ్యా" అన్నాడు. అలన్ షిల్కీ అనే ఇంజనీరు అని చెప్పాను. ఈ రైడ్‌కి మొదట్లో ఫోన్లు అస్సలు తీసుకెళ్లనిచ్చేవారు కాదు, ఇప్పటి నియమం ముందే కనుక్కోండి.

డిజైనర్‌కి ఏం పెట్టాలో తెలిస్తే చాలదు, ఏం తీసేయాలో కూడా తెలియాలి. 2007లో వచ్చిన మావెరిక్‌లో రెండో లాంచ్ (రైలును ఒక్కసారిగా ముందుకి తోసే చోటు) తర్వాత మొదట్లో పూర్తిగా మెలితిరిగే చోటు ఒకటి ఉండేది. టెస్టింగ్‌లో ఒత్తిడి ఎక్కువవుతోందని తెరవకముందే దాన్ని పీకేసి, మామూలు వంపు పెట్టారు. ఎత్తు 105 అడుగులే. అయినా మావెరిక్ నా లిస్టులో మిలీనియం ఫోర్స్ కంటే పైన ఉంటుంది.

సైరెన్స్ కర్స్ 2025 జూన్ చివర్లో తెరిచారు. నెదర్లాండ్స్‌కి చెందిన వెకోమా తయారీ. 160 అడుగులు, 58 మైళ్లు. అంకెల్లో చూస్తే ఈ పార్కులో ఇది పెద్దదేమీ కాదు. ఎక్కితే తెలుస్తుంది. గొలుసు లాక్కుంటూ పైకి తీసుకెళ్తుంది. పైన ట్రాక్ తెగిపోయి ఉంటుంది. చివర దాకా వెళ్లి రైలు ఆగింది. ఎదురుగా ఆకాశం, కింద సరస్సు. అంతా నిశ్శబ్దం. అప్పుడు మనం నిలబడిన ట్రాక్ ముక్కే ముందుకి ఒరగడం మొదలుపెట్టింది. భుజాల బరువు మెల్లగా ల్యాప్ బార్ మీదకి వచ్చింది, చెప్పులోంచి మడమ జారింది. పూర్తిగా నిలువుగా వేలాడేదాకా ఒరిగి, కింద ఉన్న ట్రాక్‌తో కలిసి లాక్ పడ్డాక రైలును వదిలింది. మా అమ్మాయి నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ల గుర్తులు పడ్డాయి. "నాన్నా, పడిపోవడం కంటే పడిపోతామని తెలిసి ఆగడమే భయం" అంది. ఈ డిజైనర్ పట్టుకున్నది సరిగ్గా అదే. 223 అడుగుల వాల్‌రావ్న్ కూడా అంచు దగ్గర కాసేపు ఆపుతుంది, కానీ అక్కడ ట్రాక్ కంటికి కనిపిస్తూ ఉంటుంది. ఆ ధైర్యం ఇక్కడ ఉండదు.

రెండు ట్రాకులూ కలిశాయని సెన్సర్లు నిర్ధారించేదాకా రైలు కదలదు. తెరిచిన మొదటి వారాల్లో ఈ రైడ్ చాలాసార్లు మధ్యలో ఆగిపోయిందని వార్తలొచ్చాయి. అది చూసి నా భార్య టెన్షన్ పడింది. ఆగడం అంటే రక్షణ వ్యవస్థ తన పని తాను చేస్తున్నట్టే. కొత్త రైడ్లకి మొదటి సీజన్‌లో ఇది మామూలే. అందుకే కొత్త రైడ్ కోసమే ప్రయాణం పెట్టుకునేవాళ్లు మొదటి నెలలో కాకుండా కొంచెం ఆగి వెళ్లడం మంచిది. టాప్ థ్రిల్ 2 కథ చూడండి. 2003 నాటి డ్రాగ్‌స్టర్‌ని హైడ్రాలిక్ లాంచ్ తీసేసి, అయస్కాంత మోటర్లతో ముందుకి, వెనక్కి, మళ్లీ ముందుకి తోసేలా మార్చి 2024 మేలో తెరిచారు. కొద్ది రోజులకే రైలు బళ్లలో సమస్యతో ఆపేశారు, ఆ సీజన్ అంతా నడవలేదు. 2025లో మళ్లీ మొదలైంది. 420 అడుగులు, 120 మైళ్లు. కళ్లల్లో నీళ్లు వచ్చేస్తాయి. కానీ క్యూ గంటన్నర దాటితే నేను దీన్ని వదిలి స్టీల్ వెంజెన్స్ రెండోసారి ఎక్కుతాను.

అమ్మానాన్నలకి ఆవిరి ఇంజన్ రైలు ఉంది, 1963 నుంచి నడుస్తోంది. తీగ మీద వేలాడుతూ వెళ్లే స్కై రైడ్ ఎక్కితే నడక కొంత తప్పుతుంది. నాన్న ఆవిరి ఇంజన్ చూసి కదలనన్నారు, డ్రైవర్‌ని అడిగి దాని బాయిలర్ సంగతులన్నీ తెలుసుకున్నారు. తిండి విషయంలో శాకాహారులకి పిజ్జా, ఫ్రైస్ దొరుకుతాయి. అక్కడి తాజాగా కోసిన బంగాళదుంప ఫ్రైస్ నిజంగా బాగుంటాయి. అన్నం తినకపోతే తోచనివాళ్లు పులిహోర చేసుకుని గదిలో ఉంచుకోండి. బయటికి వెళ్లి మళ్లీ లోపలికి రావచ్చు. స్టాళ్లలో చల్లటి నీళ్లు అడిగితే ఉచితంగానే ఇస్తారు.

పొడుగు క్యూ తప్పించుకోడానికి విడిగా అమ్మే ఫాస్ట్ లేన్ పాస్ కొనాలా అంటే, మంగళ, బుధవారాల్లో వెళ్తే అక్కర్లేదు. శనివారం తప్పనిసరైతే కొనండి. అక్టోబర్‌లో హాలోవీన్ శనివారాలైతే ఫాస్ట్ లేన్ ఉన్నా జనాన్ని తట్టుకోవడం కష్టం. పిల్లల ఎత్తు ఇంట్లోనే, చెప్పులు లేకుండా కొలవండి. మిలీనియం ఫోర్స్‌కి 48 అంగుళాలు, స్టీల్ వెంజెన్స్‌కి 52 ఉండాలి. గంట నిలబడ్డాక గేటు దగ్గర కాదంటే పిల్లల ఏడుపు చూడలేం. ఇంకొకటి, పార్కు మూసే వేళకి క్యూలో ఉన్నవాళ్లని ఆ రైడ్ ఎక్కనిస్తారు. వేడెక్కిన చక్రాలతో రాత్రిపూట కోస్టర్లు పొద్దుటికంటే వేగంగా పరిగెడతాయి. ఆ సమయానికి పార్కింగ్‌లో కార్లన్నీ ఒకేసారి బయల్దేరి దారి ఇరుక్కుపోతుంది కాబట్టి, చివరి పావుగంటలో గేటు వైపు కాకుండా స్టీల్ వెంజెన్స్ క్యూ వైపు నడవండి.