పాత రౌటర్‌ను మిద్దె మీద పెట్టి చాలాకాలంగా వాడుతున్నా: కష్టమంతా కేబుల్ దగ్గరే

తిరుపతి జీవకోనలో మాది మిద్దె ఇల్లు. ఫైబర్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు వాళ్ల వైఫై డబ్బాను వీధి వైపు హాల్లో బిగించి వెళ్లారు. హాల్లో 200 ఎంబీపీఎస్ ప్లాన్‌కు తగ్గట్టే స్పీడ్ వస్తుంది. మిద్దె మీద వెనక గదిలో మాత్రం ఒక్క గీత, అదీ వస్తూ పోతూ. మధ్యలో ఇనుప కమ్మీల స్లాబు ఉంది మరి. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ దాన్ని సరిగ్గా దాటలేదు, 2.4 దాటినా నీరసపడిపోతుంది. అంతకుముందు వాడిన టీపీ-లింక్ ఆర్చర్ సీ6 రౌటర్ అటక మీద ఖాళీగా పడి ఉంటే, దాన్ని పై గదిలో పెట్టి కింద డబ్బాకు కేబుల్‌తో కలిపాను. ఎండలూ వానలూ చూశాక ఇప్పుడు రాస్తున్నా.

సెట్టింగులది కాసేపటి పని. కేబుల్ లాగడానికే ఒక పూట పట్టింది. ఎలక్ట్రీషియన్ చూసి, “అన్నా, ఈ పైపులో కరెంటు వైర్లు నిండిపోయినాయి, ఇంకోటి దూరదు” అన్నాడు. దూరినా, నెట్ కేబుల్‌ను కరెంటు వైర్లతో ఒకే పైపులో తోయకూడదు. అందుకే కిటికీ మూల నుంచి బయటికి తీసి, గోడ వెంబడి పైకి లాగించాను. బయట తిరిగే కేబుల్‌కు మా వైపు రెండు గండాలు: ఎండ, కోతులు. కొండ పక్కనే కాబట్టి రోజూ ఏదో ఒక గుంపు మిద్దె మీదికి దిగుతుంది. కంటికి కనిపించిన వైరునల్లా లాగి చూడందే వాటికి తోచదు. పీవీసీ పైపులో వేయించాక ఆ బాధ లేదు.

నెట్ కేబుల్ కొనేటప్పుడు క్యాట్6 రకం అని అడిగితే చాలదు, లోపల తీగ పూర్తి రాగిదేనా అని కూడా అడగండి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన తీగ చవగ్గా దొరుకుతుంది, బిగించేటప్పుడే పుటుక్కున విరుగుతుంది. దూరం గురించి టెన్షన్ అక్కర్లేదు, 100 మీటర్ల దాకా పోతుంది.

అంతా కలిపాక పైన స్పీడ్ చూస్తే 94 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోయింది. ఎన్నిసార్లు చూసినా అంతే. సరిగ్గా 94, 95 దగ్గర నిలిచిపోతే వైఫైని అనుమానించక్కర్లేదు, కేబుల్ 100 ఎంబీపీఎస్‌లో నడుస్తోందని అర్థం. లోపల నాలుగు జతల తీగలుంటాయి. 100కు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు, అంటే 1000కు, నాలుగూ అందాలి. ఆ మిగతా రెండు జతల్లో ఒక్క తీగ సరిగ్గా అంటకపోయినా కనెక్షన్ చప్పుడు చేయకుండా 100కు దిగిపోతుంది. తీగ అంటని కొస కత్తిరించి కొత్త కనెక్టర్ బిగించగానే పై గదిలోనూ ప్లాన్ స్పీడ్ మొత్తం వచ్చింది. మీ పాత రౌటర్ పోర్టులే 100వి అయితే మాత్రం ఎంత మంచి కేబుల్ వేసినా లాభం లేదు. ముందు అది చూసుకోండి.

ఇక సెట్టింగులు. ఆర్చర్‌లో ఆపరేషన్ మోడ్ అనే చోట యాక్సెస్ పాయింట్ (కింది నెట్‌వర్క్‌నే వైఫైగా పంచే మోడ్) ఎంచుకుంటే రౌటర్ తనే రీస్టార్ట్ అయి సిద్ధమవుతుంది. మీ రౌటర్‌లో ఆ మోడ్ లేకపోతే చేత్తో చేసుకోవచ్చు. కింద డబ్బా అడ్రస్ 192.168.1.1 అనుకుందాం. పైదానికి 192.168.1.250 ఇచ్చి, దాని డీహెచ్‌సీపీ (ఫోన్లకు అడ్రసులు పంచే పని) ఆపేసి, కేబుల్‌ను బయటి నెట్ కోసం ఉండే వ్యాన్ పోర్టులో కాకుండా, ఇంట్లో పరికరాల కోసం ఉండే ల్యాన్ పోర్టులో గుచ్చాలి. కింద డబ్బా ఫోన్లకు పంచే అడ్రసులను 200 దగ్గర ఆపితే ఆ 250 ఇంకెవరికీ పోదు. ఇవేవీ చేయకుండా వ్యాన్ పోర్టులో గుచ్చినా నెట్ వస్తుంది కానీ, ఇంట్లో రెండు వేరు నెట్‌వర్కులు తయారవుతాయి. పైనున్న ఫోన్‌కు కింది టీవీ కనిపించదు, ప్రింటర్ దొరకదు, ఎందుకో అంతుబట్టదు.

రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టాను. 2.4లో కిందిదానికి 1వ ఛానల్, పైదానికి 11. ఒకదాని మీద ఒకటి పడవు. ఇందులో నాకు నచ్చని సంగతి ఒకటుంది. మెట్లెక్కి పైకి వచ్చినా కొన్ని ఫోన్లు కింది సిగ్నల్‌ను వదలవు. ఎప్పుడు మారాలో నిర్ణయించేది ఫోనే, రౌటర్ కాదు. కింద డబ్బా పవర్‌ను మీడియంకు తగ్గించాక చాలావరకు సర్దుకుంది. అమ్మ ఫోన్ మాత్రం ఇప్పటికీ మొండికేస్తుంది, వైఫై ఒకసారి ఆపి మళ్లీ వేయాల్సిందే. నెలనెలా పొద్దున 10కి 300 రూపాయల దర్శనం టికెట్లు వదిలేటప్పుడు మా ఇంట్లో అందరూ మిద్దె మీదే కూర్చుంటారు. వైఫై బాగుంటే టికెట్ దొరుకుతుందని కాదు, దొరక్కపోతే తిట్టడానికి వైఫై ఉండదు, అంతే.

కేబుల్ లేకుండా కలిపితే ఎలా ఉంటుందో చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మా బావ వాళ్లింట్లో చూశాను. వాళ్లది అద్దె ఇల్లు, గోడకు రంధ్రం పెట్టనివ్వరు. రెండో రౌటర్‌ను రిపీటర్‌గా, అంటే మొదటిదాని వైఫైని గాలిలోనే అందుకుని మళ్లీ పంచేలా, పెట్టుకున్నారు. ఒకే రేడియో అటు వినాలి, ఇటు చెప్పాలి, అందుకే స్పీడ్ సగానికి పడిపోతుంది. యూట్యూబ్ చూసుకోవడానికి చాలు, ఆఫీసు వీడియో కాల్‌లో మాత్రం మాట తెగుతుంది. రిపీటర్‌ను సిగ్నల్ లేని గదిలో కాకుండా సగం దూరంలో పెట్టమన్నాను. కొంత మెరుగైందన్నాడు బావ.

కరెంటు పోతే రెండూ బతకాలి. కింద డబ్బాకు ఒక్కదానికే మినీ యూపీఎస్ పెడితే పైన చీకటే. అడాప్టర్ మీద రాసిన వోల్టు, ఆంపియర్ చూసి ఇంకోటి తెచ్చాను. ఎండాకాలం ఉరుముల వానలప్పుడు కేబుల్ రెండు కొసలూ పీకేయడం మంచిది. ఫైబర్ తీగ కరెంటును మోయదు, ఈ రాగి తీగ మోస్తుంది. ఒకసారి దగ్గర్లో పిడుగు పడ్డాక ఒక ల్యాన్ పోర్టు పనిచేయడం మానేసింది. కేబుల్‌ను పక్క పోర్టుకు మార్చి వాడుతున్నా.

యాక్సెస్ పాయింట్ మోడ్‌లో ఆర్చర్‌లోని పిల్లల కంట్రోళ్లు పనిచేయవు, అవన్నీ కింద డబ్బాలోనే పెట్టుకోవాలి. పై గది సిగ్నల్ కోసం కొత్త మెష్ కిట్ (ఒకే వైఫైని ఇల్లంతా పంచే పెట్టెల సెట్) కొనేంత అవసరం నాకు కనిపించలేదు. మెష్ పెట్టెలు కూడా తమలో తాము గాలిలోనే మాట్లాడుకుంటే ఆ స్లాబును దాటాల్సిందే. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లుంటే, స్లాబు పోసే ముందే హాలు నుంచి పై గదికి ఒక ఖాళీ పైపు వేయించండి, కరెంటు పైపులకు దూరంగా.