ఆరేళ్ళ చేతి బరమా: ఏది మిగిలింది, ఏది అటకెక్కింది

క్యాంపుల్లో చెక్కపని కోసం ఈ ఆరేళ్ళలో మూడు చేతి బరమాలు వాడాను. రెండు కొన్నవి: ఒకటి 25 మి.మీ., ఇంకొకటి 32 మి.మీ. మూడోది డ్రిల్లింగ్ మెషిన్‌కు పెట్టే 20 మి.మీ. ఆగర్ బిట్‌కు (చెక్కకు బెజ్జం వేసే మెలితిరిగిన కడ్డీ) పైపు ముక్క వెల్డింగ్ చేయించి సొంతంగా తయారుచేసుకున్నది. ఇప్పుడు ప్రతిసారీ సంచిలో వెళ్ళేది ఆ మూడోదే. 25 మి.మీ.ది అప్పుడప్పుడు తోడొస్తుంది. 32 మి.మీ.ది అటక మీద ఉంది, అక్కడే ఉంటుంది.

చేతి బరమా ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. ఇది చేత్తో తిప్పి చెక్కకు బెజ్జం వేసే పనిముట్టు. మెలితిరిగిన ఇనుప కడ్డీ, దాని పైన గొట్టం లాంటి కన్ను, ఆ కన్నులో అడ్డంగా దూర్చిన కర్ర పిడి. మొత్తం చూస్తే ఇంగ్లీషు టీ అక్షరంలా ఉంటుంది. కింది కొన మీద చిన్న మర ఉంటుంది. అది చెక్కను పట్టుకుని పనిముట్టును తనంతట తాను లోపలికి లాక్కుంటుంది. దాని పక్కన అంచుల్లో ఉండే చిన్న పళ్ళు ముందు గుండ్రంగా గీత కోస్తాయి. వాటి వెనకే కోత అంచులు వచ్చి ఆ గీత లోపలి చెక్కను చెక్కి పైకి పంపుతాయి. మనం చేసేది తిప్పడమే.

ఈ కొన మర విలువ నాకు మొదట్లో తెలియలేదు. 1936లో స్వీడన్‌లోని గోట్లాండ్ ద్వీపంలో పొలం దున్నుతుంటే సుమారు వెయ్యేళ్ళ కిందటి, వైకింగుల కాలం నాటి పనిముట్ల పెట్టె ఒకటి బయటపడింది. మాస్టర్‌మిర్ పెట్టె అంటారు. అందులో బెజ్జాలు వేసే బిట్లు కూడా ఉన్నాయి, చెంచా ఆకారంలో. చెంచా బిట్‌కు కొన మర ఉండదు కాబట్టి తిప్పుతున్నంతసేపూ ఒంటి బరువంతా వేసి నొక్కుతూనే ఉండాలి. ఒకసారి అలాంటి బిట్‌తో పని చేసి చూశాను. నాలుగు బెజ్జాలకే ఛాతీ నొప్పెట్టింది. ఒక మేలు మాత్రం ఉంది: సగం దిగాక కూడా కోణం కొంచెం సరిచేసుకోవచ్చు. కొన మర ఉన్నదానితో ఆ వీలు లేదు. మొదటి మూడు చుట్లలో ఏ దిక్కు పట్టిందో చివరిదాకా ఆ దిక్కే.

పచ్చి కర్రలో నా 20 మి.మీ. బరమా చుట్టుకు సుమారు రెండున్నర మిల్లీమీటర్లు దిగుతుంది. 5 సెం.మీ. మందం ఉన్న దుంగకు ఇరవై చుట్లు. పిడి రెండు చేతులతో తిప్పేది కాబట్టి ప్రతి అరచుట్టుకూ చేతులు మార్చుకోవాలి, అంటే నలభై సార్లు. మెత్తని పచ్చి కర్రయితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. చేవ దేరిన ఎండు కర్రయితే మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకోవాలి.

ఇక 32 మి.మీ. కథ. కొనేటప్పుడు నా లెక్క ఏమిటంటే, బెజ్జం పెద్దదైతే అందులో దిగే బల్ల కాలు లావుగా ఉంటుంది, బల్ల గట్టిగా ఉంటుంది. లెక్క తప్పు కాదు, చేతులను లెక్కలోకి తీసుకోలేదంతే. 20 నుంచి 32కు వెళ్తే వెడల్పు ఒకటిన్నర రెట్లకు పైచిలుకు పెరుగుతుంది గానీ, ప్రతి చుట్టుకూ తీయాల్సిన చెక్క రెండున్నర రెట్లు దాటుతుంది. దాన్ని తిప్పాలంటే పొడవాటి పిడి కావాలి. పొడవాటి పిడి పట్టుకుని తిప్పుతుంటే కింద దుంగ తిరిగిపోతుంది. దుంగ తిరగకుండా ఇంకొకరు ఎక్కి కూర్చోవాలి. ఒక్కడినే వెళ్ళిన రోజున దుంగను రెండు చెట్ల మధ్య ఇరికించి తిప్పాను. మూడో బెజ్జం దగ్గర పిడి కన్ను పక్కనే ఫట్‌మని విరిగింది. పైగా అంత పెద్ద బెజ్జం పడాలంటే కూర్చునే పలక చాలా మందంగా ఉండాలి, లేకపోతే చీలుతుంది. స్టూలు, బెంచీ, బట్టలారేసుకునే దండెం, రంపపు గుర్రం (రంపంతో కోసేటప్పుడు దుంగను ఆనించే స్టాండు) వంటి క్యాంపు వస్తువులన్నిటికీ 20 నుంచి 25 మి.మీ. చాలు.

మరి 25 మి.మీ.ది ఎందుకు వెనకబడింది? దానిలో లోపం లేదు, మంచి పనిముట్టు. బరువు ఎక్కువ, దాని కొన మర సన్నని పోగుది, అంటే మర చుట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. సన్నని మర ఎండిన గట్టి చెక్కలో అద్భుతంగా పని చేస్తుంది, బెజ్జం లోపలి గోడ నున్నగా వస్తుంది. పచ్చి కర్రలోనో, కాస్త పుచ్చు పట్టిన కర్రలోనో ఆ సన్నని పోగుల మధ్య పొట్టు ఇరుక్కుని మర పట్టు వదిలేస్తుంది. అప్పుడు ఎంత తిప్పినా అక్కడే తిరుగుతుంది. బయటకు తీసి, మర పోగుల్లో దారం చుట్టి అటూ ఇటూ లాగి శుభ్రం చేసి, మళ్ళీ మొదలుపెట్టాలి. అడవిలో దొరికేవి పచ్చి కర్రలే కాబట్టి ముతక మర ఉన్నది నాకు నప్పింది. 1855లో రసెల్ జెన్నింగ్స్ పేటెంట్ తీసుకున్న జంట మెలిక బిట్లు ఇప్పటికీ పాత పనిముట్లలో దొరుకుతుంటాయి. చూడటానికి ముచ్చటగా ఉంటాయి, శుభ్రంగా కోస్తాయి. నా సలహా అడిగితే అవి ఇంట్లో వర్క్‌బెంచి దగ్గర ఉంచుకోండి.

ఇప్పుడు నేను చేసుకున్నదాని సంగతి. మెషిన్‌కు పెట్టే ఆగర్ బిట్‌లకు పైన ఆరు పలకల కాడ ఉంటుంది. మొదట వెల్డింగ్ జోలికి పోకుండా లావాటి కర్రకు బెజ్జం వేసి ఆ కాడను బిగుతుగా దిగ్గొట్టాను. అరడజను బెజ్జాలదాకా బాగానే నడిచింది. తర్వాత ఆరు పలకలూ కలిసి కర్ర లోపల గుండ్రంగా అరగదీశాయి. పిడి తిరుగుతోంది, బిట్ కదలడం లేదు.

ఇక తప్పక వెల్డింగ్ తెలిసిన మిత్రుడి దగ్గరికి వెళ్ళాను. 27 మి.మీ. లోపలి వెడల్పు, 5 సెం.మీ. పొడవు ఉన్న మందపాటి ఇనుప పైపు ముక్కను కాడ మీద అడ్డంగా పెట్టి అతికించాడు. ఇక్కడ రెండు జాగ్రత్తలు. జింకు పూత ఉన్న నీళ్ళ పైపు వాడకండి. దాన్ని వెల్డింగ్ చేస్తే వచ్చే పొగ పీల్చినవాళ్ళకు చలిజ్వరం లాంటిది వస్తుంది. రెండోది, ఒక పక్కనే పూర్తిగా అతికించేస్తే చల్లారేటప్పుడు లోహం ఆ పక్కకు లాగుతుంది. మా మొదటి ప్రయత్నంలో అదే జరిగింది. కన్ను ఓ వెంట్రుక వాసి పక్కకు ఒరిగింది, అంతే. బెజ్జం వేస్తుంటే పిడి గంగిరెద్దు తలలా ఊగేది, బెజ్జం నోరు కోడిగుడ్డులా సాగేది. కోసి మళ్ళీ చేశాం. ఈసారి ఎదురెదురుగా రెండు చుక్కలు పెట్టి, తిప్పి చూసి, సరిగ్గా ఉందనుకున్నాకే మిగతాది నింపాం.

పిడి మాత్రం ఇంటి నుంచి తీసుకెళ్ళను. కన్ను ఉన్న బరమాలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. వెళ్ళిన చోట ఎండిన గట్టి కొమ్మ చూసుకుని, ఒక చివర నుంచి కొంచెం కొంచెంగా లావయ్యేలా చెక్కి, కన్నులో బిగిసేదాకా దూర్చడమే. 35 సెం.మీ. పొడవు సరిపోతుంది. పని అయ్యాక కొట్టి బయటకు తీస్తే సంచిలో ఉండేది జానెడు పైచిలుకు ఇనుము. పచ్చి కొమ్మను పిడిగా వాడకండి, సాయంత్రానికి వదులైపోతుంది.

పదును పెట్టడం గురించి నా తప్పులు రెండు చెప్పాలి, ఎందుకంటే ఈ రెండూ మొత్తం పనిముట్టును పాడుచేసేవే. 25 మి.మీ.దాని పళ్ళు మొద్దుబారాయని బయటి వైపు నుంచి ఆకురాయి పట్టాను. పళ్ళు తళతళలాడాయి గానీ, పళ్ళు కోసే వృత్తం తగ్గిపోయి వెనకాల మెలిక దాని కంటే లావయింది. బెజ్జంలో బిగుసుకుపోవడం మొదలుపెట్టింది. పళ్ళను లోపలి వైపు నుంచే రాయాలి. కోత అంచులను సాధారణంగా పై వైపు, అంటే కన్ను ఉన్న వైపు నుంచే. అదీ నాలుగైదు రుద్దులు, అంతకు మించి కాదు. రెండో తప్పు, తొందరపడి కరెంటు సాన మీద పెట్టడం. క్షణంలో అంచు నీలం రంగుకు తిరిగింది. కార్బన్ ఉక్కు సుమారు 230 డిగ్రీల దగ్గర గడ్డి రంగుకు వస్తుంది, 300 దగ్గర నీలమవుతుంది. నీలం కనిపించిందంటే ఆ అంచు అంతకుముందున్నంత గట్టిగా ఉండదు. మొదటి కణుపు తగలగానే నా బిట్ పన్ను వంగిపోయింది. ఆ మెత్తబడిన మేర చల్లగా, చేత్తో, ఆకురాయితో అరగదీసేసరికి ఒక ఆదివారం గడిచిపోయింది. అప్పటి నుంచి సన్నని ఆకురాయి ఒకటి బరమాతో పాటే ఉంటుంది.

బెజ్జం అవతలి వైపుకు పొడుచుకు వచ్చేటప్పుడు పేళ్ళు లేస్తాయి. కొన మర అవతల కాస్త కనిపించగానే ఆపి, దుంగ తిప్పి, ఆ చుక్క నుంచి వెనక్కి వేసుకురావాలి. ఇలా చేస్తే ఇంకో లాభం కూడా ఉంది. దుంగను నేల మీద పెట్టి బెజ్జం వేసేవాళ్ళు ఎక్కువగా పళ్ళు విరగ్గొట్టుకునేది చివరి చుట్టులో, కింద మట్టిలోని గులకరాయి తగిలి. నా బరమాకు ఒక పన్ను రెండోదానికన్నా పొట్టిగా ఉండటానికి కారణం సరిగ్గా అదే.

బెజ్జం వేయడం సగం పనే. మిగతా సగం అందులో దిగే కాలి కొన. కాళ్ళు ఎండినవై ఉండాలి, పలక పచ్చిగా ఉన్నా ఫరవాలేదు. ఎండేకొద్దీ పలక కుంచించుకుని కాలిని పట్టుకుంటుంది. నేను మొదట చేసిన స్టూల్లో రెండూ పచ్చివే. వారం రోజుల్లో కాళ్ళు గలగలలాడాయి. పచ్చిగా ఉన్నప్పుడు 25 మి.మీ. ఉన్న కొన ఎండాక ఒక వైపు మిల్లీమీటరున్నర తగ్గి, ఇంకో వైపు దానిలో సగమే తగ్గింది. అది ఇక గుండ్రంగా లేదు, బెజ్జం ఇంకా గుండ్రంగానే ఉంది.

కొలత కోసం వేరే పనిముట్టు అక్కర్లేదు. ఎండిన పలక ముక్కకు అదే బరమాతో ఒక బెజ్జం వేసి దగ్గర ఉంచుకోండి. కాలి కొనను చెక్కుతూ మధ్యమధ్యలో ఆ బెజ్జంలో పెట్టి గట్టిగా తిప్పండి. ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ చెక్క మెరుస్తుంది. మెరిసిన చోటే కత్తి పెట్టాలి. బిగుతుగా దిగాక కొనను చీల్చి సన్నని చీల దిగ్గొడతాం కదా, ఆ చీల్చిన గీత పలక నారకు అడ్డంగా ఉండాలి. నార వెంటే పెట్టి కొడితే పలకే రెండవుతుంది. ఇది కూడా నాకు ఎవరూ చెప్పలేదు, ఒక పలక చెప్పింది.

చిరాకులు లేకపోలేదు. కర్ర తల వైపు నుంచి, నార వెంట బెజ్జం వేయాలంటే కొన మర సరిగా పట్టదు, నొక్కుతూ తిప్పాలి. స్టూలు కాళ్ళ కోణం కంటి అంచనా మీదే ఆధారపడుతుంది. రెండు పుల్లలు కట్టి కోణం గుర్తు పెట్టుకున్నా, తిప్పుతూ పక్క నుంచి చూడలేం కాబట్టి ఇంకొకరుంటే బాగుంటుంది. చిన్న బెజ్జాలకు, 10 మి.మీ. లోపు వాటికి, ఇది దండగ. ఇంట్లో నాలుగు రోజులు మరిచిపోతే తుప్పు పడుతుంది, పచ్చి కర్ర రసం అంటితే నల్లబడుతుంది. కొనకు రబ్బరు గొట్టం ముక్క తొడిగి, తుడిచి, ఒక చుక్క నూనె రాసి పెడతాను.

ఆ పొట్టి పన్ను ఇంకో రెండు మూడు సార్లు సాన పెడితే అయిపోతుంది. ఇంకో 20 మి.మీ. బిట్ కొని పెట్టాను. కన్నుకు పైపు ముక్క కోశాను. మిత్రుడు ఖాళీ అయ్యాక వెల్డింగ్. ఈసారి కన్ను 30 మి.మీ. పెట్టిద్దామనుకుంటున్నా, పిడి ఇంకాస్త లావుగా పడుతుందని.